ఆయా కోసం ఆరా

గురువారం పొద్దున సుబ్బయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సు నంద్యాలలో ఎక్కాలి, ఎనిమిది దాటేసరికి ఆళ్లగడ్డలో దిగాలి, ప్రమీల అనే మనిషి ఎట్లాంటిదో నలుగురిని అడిగి తెలుసుకోవాలి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. ఏడాదిన్నర మనవడు మహేశ్వర్‌ను పగటిపూట చూసుకోవడానికి ఆమెను పెట్టుకోవచ్చునని తేలితే, కోడలు సుకన్య సోమవారం నుంచి మళ్లీ కాలేజీకి పోయి పాఠాలు చెప్పుకుంటుంది. తేలకపోతే ఉద్యోగం మానేస్తుంది. ఆ మాట ఆమె కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు, టిఫిను వడ్డిస్తూ మామూలుగా అంది. అందుకే అది సుబ్బయ్యకు గట్టిగా తగిలింది.

నిజానికి ప్రమీల సంగతి సుకన్య అప్పటికే కనుక్కుంది. నంద్యాలలోనే ఒక డాక్టరమ్మ ఇంట్లో ప్రమీల ఐదేళ్లు ఉండి కవల పిల్లలను పెంచింది. వాళ్లు బడికి పోవడం మొదలుపెట్టాక ఆళ్లగడ్డలో అన్న ఇంటికి వెళ్లిపోయింది. డాక్టరమ్మ ఆమె గురించి మంచిగానే చెప్పింది. సుకన్య కూడా ప్రమీలతో ఫోన్లో అరగంట మాట్లాడి, తన భయాలన్నీ చెప్పుకుంది. ఇక రమ్మనడమే తరువాయి అనుకుంటే, సుబ్బయ్య అడ్డం పడ్డాడు. ఫోన్ చేసి తెప్పించుకోవడానికి ఆమె గ్యాసు సిలిండరా అన్నాడు. తాను స్వయంగా ఆరా తీస్తే తప్ప ఈ గడప ఎవరూ తొక్కడానికి వీల్లేదన్నాడు.

సుబ్బయ్య మార్కెట్ యార్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయినవాడే గానీ, చుట్టాల్లో ఆయనకు పేరు తెచ్చింది ఆ ఉద్యోగం కాదు, పెళ్లి సంబంధాల ఆరా. ఎవరింట్లో సంబంధం కుదరబోతున్నా ముందు సుబ్బయ్యను పంపేవారు. ఒక పెళ్లికొడుకు జుట్టు సొంతం కాదని కనిపెట్టింది ఆయనే. పదెకరాల మాగాణి అని చెప్పుకున్నది చెరువు పొరంబోకని తేల్చిందీ ఆయనే. ఈ విద్యలో ఆయనకు కొన్ని సూత్రాలున్నాయి. ఎందుకొచ్చామో చచ్చినా చెప్పకూడదు, చెబితే జనం జాగ్రత్తపడి అబద్ధాలాడతారు. మొట్టమొదట ఇంటిపేరు అడగాలి, ఇంటిపేరు తెలిస్తే సగం మనిషి తెలిసినట్టే. అయినవాళ్లను అడగకూడదు, చుట్టుపక్కలవాళ్లను అడగాలి.

ఆయన చెప్పులు వేసుకుంటుంటే సుకన్య గడప దాకా వచ్చింది.

"మామా, ఆయా కోసరమని చెప్పే అడగండి. సరిపోతాది," అంది.

"నువ్వు గమ్మునుండమ్మా. ఈ పని గూడా నాకు నేర్పియ్యల్నా?" అన్నాడు సుబ్బయ్య.

ఆ గదమాయింపు వెనక ఒక పుండు ఉంది. అంతకుముందు వచ్చిన ఆయాను కూడా ఆయనే ఆరా తీసి తెచ్చాడు. ఇంటిపేరు మంచిది, పుట్టిన ఊరు మంచిది, అన్నదమ్ములు ముగ్గురూ బుద్ధిమంతులు. అంత గొప్ప ఇంట పుట్టిన ఆ మహాతల్లి మహేశ్వర్‌కు జలుబు మందు తాగించి నిద్రపుచ్చేది. పిల్లవాడికి జలుబు లేదు. ఒకరోజు కాలేజీకి ఒంటిపూట అయి సుకన్య చెప్పకుండా ఇంటికి వచ్చింది కాబట్టి సీసా కంటబడింది గానీ, లేకపోతే ఆ పని ఇంకెన్నాళ్లు సాగేదో. మాటలు రాని పసివాడికి, ఆకలైనా నొప్పైనా ఏడవడం తప్ప వేరే దారి తెలియనివాడికి, ఆ ఏడుపు కూడా లేకుండా చెయ్యడానికి చేతులెట్లా వచ్చాయో. పిల్లల డాక్టరు చూసి, ఇప్పటికైతే భయం లేదు, ఇంకొన్నాళ్లు సాగి ఉంటే చెప్పలేనన్నాడు. సుకన్య సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఆ సెలవు ఈ ఆదివారంతో అయిపోతుంది.

ఆ రోజు సుబ్బయ్య ఆ మనిషిని, ఆమె ఊరిని, ఆమె ముగ్గురన్నదమ్ములను కలిపి వీధి వీధంతా వినేలా తిట్టాడు. అప్పటినుంచి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తిడుతూనే ఉన్నాడు. తిట్టడం ఆపితే వేరే ఆలోచనలు వస్తున్నాయి, అవి ఆయనకు నచ్చడం లేదు.

ఆళ్లగడ్డలో బస్సు దిగి, విగ్రహాలు చెక్కే షెడ్లున్న వైపు నడిచాడు. ప్రమీల అన్న దాసరయ్య ఆ షెడ్ల మధ్యలోనే చిన్న హోటలు నడుపుతాడు. పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ. సూత్రం ప్రకారం సుబ్బయ్య అటు వెళ్లలేదు. రెండు షెడ్లు ఇవతల, ఆంజనేయుడి తోక చెక్కుతున్న ఒక శిల్పి దగ్గర నిలబడి కాసేపు రాయిని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత పంచె మీద పడిన రాతిపొడి దులుపుకుంటూ, ఆ హోటలాయనకు ప్రమీల అని ఒక చెల్లెలుందట కదా, వాళ్ల ఇంటిపేరేమిటని అడిగాడు.

శిల్పి చేతిలో ఉలి ఆగింది. తలెత్తి చూశాడు. వయసు మీరిన మగమనిషి. ఇస్త్రీ పంచె. పొద్దున్నే రంగు వేసిన మీసం. భర్త పోయిన ఆడమనిషి ఇంటిపేరు అడుగుతున్నాడు. ఆ ప్రాంతంలో ముక్కూముఖం తెలియనివాడు వచ్చి ఆడమనిషి ఇంటిపేరు అడిగేది ఒకే ఒక్క పనికి.

"మీ ఇంటిపేరేందప్పా?" అన్నాడు శిల్పి.

సుబ్బయ్య చెప్పాడు. రెండు ఇంటిపేర్లూ వేరువేరు. శిల్పి సంతోషంగా తల ఊపి, లోపలికి పోయి స్టూలు తెచ్చి వేశాడు.

అక్కడినుంచి సుబ్బయ్య తన విద్యంతా చూపించాడు. ఆమెకు కోపం వస్తుందా, వస్తే ఎంతసేపుంటుంది? ఆరోగ్యం ఎట్లా ఉంటుంది? తెల్లవారి ఎన్నింటికి లేస్తుంది? పోయిన మొగుడి తరఫువాళ్లెవరైనా ఇంటి మీదికి వస్తారా? చివరికి గొంతు తగ్గించి, నిద్ర ఎట్లా పోతుంది, పక్కన పడుకున్నవాళ్లు కదిలితే మెలకువ వస్తుందా అని కూడా అడిగాడు. ఆయన మనసులో ఉన్నది మధ్యాహ్నం నిద్రలో మంచం మీదినుంచి దొర్లిపోయే మనవడు. శిల్పి మనసులో ఉన్నది అది కాదు. ఆ మాటకు అతను ఆంజనేయుడి వైపు తిరిగాడు.

పద్ధతి ప్రకారం శిల్పి కూడా కొన్ని ప్రశ్నలు వేశాడు. ఇంట్లో ఆడదిక్కు ఎవరని అడిగితే, సుబ్బయ్య దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మా ఇంటామె పోయి ఆరేండ్లాయ. కొడుకు, కోడలు పొద్దున పోతే మళ్లా మాపటికే. పగలంతా ఇంట్లో నేనొక్కన్నే."

పొలమెంత అంటే కేసీ కాలువ కింద పన్నెండెకరాలన్నాడు. మంచి ఇంటికే వస్తోందని వాళ్లకూ తెలియాలి కదా అనుకున్నాడు. వయసెంత అంటే మాత్రం, అరవై ఎనిమిది అని చెప్పడానికి నోరు రాక, అలవాటు కొద్దీ అరవై రెండన్నాడు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఆళ్లగడ్డ ఆ పొద్దు పెద్దల మాట జవదాటలేదు. శిల్పి దగ్గర లేచి పూలకొట్టుకు, అక్కడినుంచి సోడాబండికి సుబ్బయ్య చేరేలోపల సంగతి ఆయనకంటే ముందే చేరింది. ప్రమీల నోట పెద్దమాట విన్నవాళ్లే లేరన్నారు. తేలు కుట్టినా కిక్కురుమనలేదన్నారు. ఆమె చేసిన పప్పు తిని ఒకాయనకు మూడు రోజుల జ్వరం దిగిపోయిందట. ఆమె వయసు నలభై ఎనిమిదని సుకన్య చెప్పింది. శిల్పి దగ్గర అది నలభై రెండు, పూలకొట్టు దగ్గర ముప్ఫై తొమ్మిది. ఇంకో నాలుగు షెడ్లు నడిచి ఉంటే ఆమెకు ఓటు హక్కు కూడా ఉండేది కాదు.

ఇన్నేళ్ల అనుభవంలో ఒక్క వంక కూడా దొరకని మనిషిని సుబ్బయ్య ఎరగడు. ఎక్కడైనా అనుమానపడాల్సింది. కానీ సోడాబండి ఆయన డబ్బు తీసుకోనన్నాడు, పూలామె చేతిలో రెండు మూరల మల్లెపూలు పెట్టింది. మర్యాదగల ఊరు అనుకుంటూ సుబ్బయ్య తిరుగు బస్సెక్కాడు.

ఆ బస్సు శిరివెళ్ల చేరేలోపే వార్త శిరివెళ్ల చేరింది. అక్కడ సుబ్బయ్య అక్క శివమ్మ ఉంటుంది. డెబ్బై మూడేళ్ల మనిషి, తమ్ముణ్ని ఇప్పటికీ చిన్నపిల్లవాడి కింద జమకట్టే మనిషి. బస్సు ఊళ్లో ఆగిందో లేదో ఫోన్ చేసింది.

"ఏరా సుబ్బా, ఈ వయసులో నీకు పెండ్లాం కావాల్నా?"

"ఎవురు చెప్పినారు నీకు? పిల్లోనికి ఆయాను చూసేకి పోయింటి అక్కా."

"ఆయాకు ఇంటిపేరెందుకు రా అడిగినావ్?"

సుబ్బయ్య ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. శివమ్మ మాత్రం ఆగలేదు. పోయిన మరదలు ఎంత బంగారంలాంటిదో గుర్తుచేసింది, కొడుకూ కోడలూ కన్నీళ్లు పెట్టుకుంటారంది, తనకు ఒక్క మాట చెప్పకుండా సంబంధం చూసుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పంది. బస్సులో పక్క సీటాయన మల్లెపూల వైపు, మీసం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

సుబ్బయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత బుద్ధిలేని ఊరు అది. పసిబిడ్డ ప్రాణం గురించి ఒక పెద్దమనిషి ఊరుగాని ఊరు వచ్చి కాళ్లరిగేలా తిరిగితే, వాళ్లకు తోచింది ఇదా? మగవాడు ఆడమనిషి గురించి అడిగితే పెళ్లేనా? ఆ మల్లెపూలను కిటికీలోంచి పారేశాడు. తాను ఎందుకొచ్చాడో ఒక్కరికీ చెప్పలేదన్న సంగతి మాత్రం ఆయనకు ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఇంటికి చేరాక కూడా నిజం చెప్పి ఉంటే పోయేది. కుండకు మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి మూత పెట్టలేమని, ఈ వార్త దానంతటదే చల్లారే దాకా మాట్లాడకపోవడమే మేలని ఆయన అనుకున్నాడు. మనిషి మంచిదేనట గానీ ఇంకా ఒకటి రెండు సంగతులు తేలాలని, రెండు రోజులు ఆగమని సుకన్యకు చెప్పాడు. ఏ సంగతులు అని ఆమె అడిగితే, అన్నీ ఆడవాళ్లకు చెప్పేవి కావన్నాడు.

శుక్రవారం పది గంటలకు దాసరయ్య నంద్యాలలో దిగాడు.

దాసరయ్య ఉగ్గాని అమ్ముకునేవాడే గానీ, ఆరా తియ్యడంలో సుబ్బయ్యకు ఏమాత్రం తీసిపోడు. చెల్లెలు పెళ్లి వద్దు మొర్రో అంటున్నా, ఆడవాళ్లు మొదట అట్లాగే అంటారని కొట్టిపారేసి బయలుదేరాడు. సుబ్బయ్య ఇంటికి వెళ్లలేదు. ఎదురింటి అరుగు దగ్గర నిలబడి, కాసేపు వాళ్ల కరివేపాకు చెట్టును మెచ్చుకుని, ఎందుకొచ్చాడో చెప్పకుండా, ఆ ఎదురుగా ఉండే సుబ్బయ్య ఇంటిపేరు అడిగాడు.

ఎదురింటి నాగేశ్వరమ్మకూ సుబ్బయ్యకూ మురికికాలువ నీళ్ల దగ్గర నాలుగేళ్లుగా మాటల్లేవు. అయినా ఇంటిపేరు అడిగేసరికి ఆమెకు విషయం అర్థమైపోయింది. కాలువ వేరు, పెళ్లి వేరు. ఒక ఆడమనిషి బతుకు బాగుపడబోతుంటే అడ్డుపడి పాపం మూటగట్టుకునే మనిషి కాదామె. సుబ్బయ్య ముని లాంటివాడని చెప్పింది. పప్పులో ఉప్పెక్కువైనా మాట్లాడడంది. ఆయన గొంతు ఈ వీధిలో ఇంతవరకు ఎవరూ వినలేదంది. ఆ మాట చెబుతున్నంతసేపూ ఎదురింట్లోంచి సుబ్బయ్య, పేపరు తడిసిందని పేపరువాణ్ని తిడుతున్నది వినబడుతూనే ఉంది. అది టీవీ అని చెప్పింది నాగేశ్వరమ్మ. వీధిలో మిగతావాళ్లు కూడా తలా ఒక చెయ్యి వేశారు. దాసరయ్య వీధి చివరకు వెళ్లేసరికి సుబ్బయ్య వయసు యాభై ఐదుకు దిగింది.

నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నాగేశ్వరమ్మ ఆ సాయంత్రం సుబ్బయ్య గడప తొక్కింది. ముహూర్తం ఎప్పుడని సుకన్యను అడిగింది.

సుకన్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. మందు సీసా చూసిన రోజు కూడా ఆమెకు ఇంత కోపం రాలేదు, ఆ రోజు భయం ఎక్కువ ఉండింది. ఇంటికి పరాయి మనిషిని తెచ్చుకోవాల్సి వస్తున్నందుకే ఆమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. అటువంటిది, ఆ మనిషిని చూడబోయి ఈయన తనకు పెళ్లాన్ని చూసుకొచ్చాడా?

"నా బిడ్డకు మనిషిని చూసి రమ్మంటే మీరు చేసిండే పని ఇదా మామా?" అంది.

సుబ్బయ్య ఒట్లు పెట్టాడు. మహానంది ఈశ్వరుడి మీద, పోయిన భార్య మీద, చివరకు మార్కెట్ యార్డు మీద కూడా పెట్టాడు. ఆఖరికి ఆమె కొంత నమ్మింది, ఎందుకంటే అంత తెలివితక్కువ పని ఆయన చెయ్యగలడని ఆమెకు తెలుసు. కొడుకు పవన్ మాత్రం అసలు నమ్మలేదు. విత్తనాల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం అతనిది, ఇంట్లో ఉండేదే తక్కువ. తండ్రి పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా, ఒక్కనికే తోచకుంటే మాతో ముందే చెప్పింటే బాగుండు గదా," అన్నాడు.

తిట్టి ఉంటే సుబ్బయ్య తట్టుకునేవాడు. ఈ జాలి ఆయనకు తలకొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం వద్దన్నాడు. తర్వాత ఆకలికి ఆగలేక తిన్నాడు గానీ, కోపంగానే తిన్నాడు.

సుకన్య వెంటనే ప్రమీలకు ఫోన్ చేసింది. దాసరయ్య తీశాడు. ఆమె పెళ్లి సంగతి ఎత్తేలోపలే, ఆదివారం పొద్దున చెల్లెలిని వెంటబెట్టుకుని తామే వస్తామని, మిగతా మాటలు ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకుందామని చెప్పి పెట్టేశాడు. పోనీలే, మనిషి వస్తోంది అదే చాలు, పెళ్లి మాట వచ్చాక సర్దిచెప్పొచ్చు అనుకుంది సుకన్య. ఇంకొకరిని వెతకడానికి ఆమె దగ్గర రోజులు కూడా లేవు.

ఆదివారం అందరికంటే ముందు శివమ్మ దిగింది, శిరివెళ్ల నుంచి, బట్టల సంచీతో సహా. ఏం జరిగినా తన కళ్ల ముందే జరగాలంది. తొమ్మిదిన్నరకు రెండు ఆటోలు వచ్చి ఆగాయి. పని అడగడానికి ఒకామె, తోడుగా ఒకాయన వస్తారనుకుంటే ఎనిమిదిమంది దిగారు. ఆడవాళ్ల చేతుల్లో పళ్ల పళ్లేలు, తమలపాకులు, పూలు. వాళ్ల వెనకే నాగేశ్వరమ్మ, ఆమె వెనక వీధిలో తీరిక ఉన్నవాళ్లు. హాలు నిండిపోయింది. పవన్ కుర్చీల కోసం ఎదురింటికి పరిగెత్తాడు. సుకన్య అందరికీ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోతూ, మహేశ్వర్‌ను మామ ఒళ్లో కూర్చోబెట్టింది.

దాసరయ్య గొంతు సవరించుకుని, ఇంటిపేర్లు వేరు కాబట్టి తమకు ఏ అభ్యంతరమూ లేదన్నాడు. ఈ వయసులో ఆర్భాటాలెందుకు, గుళ్లో చేసుకుంటే చాలన్నాడు. ఆళ్లగడ్డవాళ్లుగా తాము అహోబిలం అనుకుంటున్నామని, మహానందే కావాలంటే దానికీ సరేనన్నాడు. రెండూ కుదరవని శివమ్మ అంది.

సుబ్బయ్య లేచి నిలబడ్డాడు. ఒళ్లో ఉన్నవాణ్ని ఎప్పుడు దించాడో ఆయనకే తెలియదు.

"పెండ్లి ఎవునికప్పా? నేనొచ్చింది పిల్లోన్ని చూసుకునే ఆయా కోసరం."

దాసరయ్య ముఖంలో మొదట అయోమయం, ఆ తర్వాత అవమానం కనబడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో అందరికంటే న్యాయమైన కోపం ఆయనదే.

"మా చెల్లెలు నిద్ర ఎట్ల పోతాదని రోడ్డుమీద మగోళ్లను అడిగిపోయినావ్. ఇప్పుడు ఆయా కోసరమంటాండావ్. రేపు ఆమె ఆ రోడ్డులో తలెత్తుకొని ఎట్ల నడవల్ల?"

జవాబు లేనప్పుడు సుబ్బయ్య గొంతు పెంచుతాడు. ఆళ్లగడ్డంతా అబద్ధాలకోరులని, నలభై ఎనిమిదేళ్ల మనిషిని ముప్ఫై తొమ్మిది చేశారని అరిచాడు. అబద్ధాల మాట వస్తే యాభై ఐదేళ్ల ముని ఎక్కడున్నాడో చూపించమని దాసరయ్య అరిచాడు. ఆ ముక్క చెప్పింది నాగేశ్వరమ్మ అని తేలింది. పోనీలే పాపమని నాలుగు మంచిమాటలు చెబితే తనను పట్టుకుంటారా అని ఆమె అక్కడికక్కడే చెప్పినవన్నీ వెనక్కి తీసుకుని, మురికికాలువ సంగతి మొదటినుంచి ఎత్తుకుంది. పవన్ రెండు చేతుల్లో రెండు కుర్చీలతో గడపలో నిలబడిపోయాడు. వయసైన మగాళ్లకు వయసుకు తగ్గ బుద్ధి ఉండదని శివమ్మ ఎవరినో ఒకరిని కాకుండా అందరినీ కలిపి తిడుతోంది.

సుకన్య కాఫీ పళ్లెంతో వచ్చి అందరినీ ఒకసారి చూసింది.

"మామా, పిల్లోడు యాడ?"

సుబ్బయ్య తన ఒళ్లోకి చూసుకున్నాడు. నిలబడ్డ మనిషికి ఒళ్లెక్కడిది? పిల్లవాడు అక్క దగ్గర ఉన్నాడేమోనని శివమ్మ వైపు చూశాడు. శివమ్మ పవన్ వైపు, పవన్ సుకన్య వైపు చూశారు. పద్దెనిమిదిమంది పెద్దవాళ్లున్న హాలులో ఏడాదిన్నర బిడ్డ ఎవరి దగ్గరా లేడు. పళ్లెం ఎక్కడ పెట్టిందో చూడకుండా సుకన్య స్నానాల గదికి పరిగెత్తింది, అక్కడ నిండా నీళ్లున్న బకెట్టు ఉంది. పవన్ మంచాల కింద వెతికాడు. సుబ్బయ్య మాత్రం కదలలేదు. ఆయనకు హాలులోంచి గేటు కనబడుతోంది, అది బార్లా తెరిచి ఉంది, దాని అవతల మూతల్లేని కాలువ, దాని అవతల ఆటోలు.

"ఈడుండాడు," అని బయటినుంచి ఒక గొంతు వినబడింది.

వాకిటి మెట్టు మీద, గోడ చాటున ఒకామె కూర్చుని ఉంది. ఆమె కొంగు పట్టుకుని మహేశ్వర్ నిలబడ్డాడు. కాళ్లకు బురద, ఆమె దాన్ని చేత్తో తుడుస్తోంది. అందరూ చూడాల్సిన మనిషి హాలులోకే రాలేదని అప్పటిదాకా ఒక్కరూ గమనించలేదు. ఆటోలోంచి వెనకగా దిగిన ప్రమీలకు గేటు తెరిచి ఉండడం కనబడింది, మూసేవాళ్ల కోసం ఆమె ఆగింది, ఎవరూ రాలేదు, పిల్లవాడు వచ్చాడు.

"కాలువ గట్టు మీద కూర్చోనుండె. ఎత్తుకున్యా," అంది అంతే.

సుకన్య బిడ్డను లాక్కున్నట్టుగా తీసుకుని మెడలో ముఖం దాచుకుంది. పెళ్లి మాట తనది కాదని, వద్దని మూడు రోజులుగా అన్నకు చెబుతున్నానని, తాను వచ్చింది ఫోన్లో మాట్లాడిన ఈ తల్లిని చూసి పోవడానికేనని చెప్పింది ప్రమీల. దాసరయ్య తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆమె సుబ్బయ్య వైపు తిరిగింది. జలుబు మందు సంగతి ఆమెకు సుకన్య ఫోన్లో చెప్పి ఉంది.

"ఆ మందు తాగిచ్చినప్పుడు ఇంట్లో ఎవురుండిరి?"

ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగని మాట అది. పవన్‌కు తోచలేదు. సుకన్యకు తోచింది గానీ, మామను అడగలేక ఊరుకుంది. సుబ్బయ్య ఆ ఆయాను, ఆమె ఊరిని, అన్నదమ్ములను తిట్టడానికి నోరు తెరిచాడు. ఆ తిట్లు ఈసారి రాలేదు.

"నేనుంటి," అన్నాడు.

"యాడ?"

"ఆ కుర్చీలో. పక్కనే."

"ఎన్ని దినాలు?"

"తొమ్మిది." ఆయన గొంతు అంత చిన్నగా పలకడం ఆ వీధిలో నిజంగానే ఎవరూ వినలేదు. "పేపరు చదువుకుంటాంటి. బిడ్డ ఏడ్వకుంటే, ఎంత మంచి మనిషిని తెచ్చినానో అనుకుంటి."

సుకన్య తలెత్తి చూసింది. ఆయన కళ్లు తుడుచుకోవడం మరచిపోయాడు. పెద్దవాడు, అంత గట్టివాడు, అట్లా నిలబడి ఉంటే ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది.

ప్రమీల మాత్రం అప్పుడే మెట్టు మీదినుంచి లేచి, గేటు గడియ పెట్టి, చెప్పులు విప్పి, లోపలికి వచ్చింది.

"మా అన్న ఈ వీధిలో అడిగొచ్చినాడు. మీ ఇంట్లో ఒక్క తప్పు గూడా లేదన్యారంట. అందుకే ఈ పనికి రాగూడదనుకున్యా. తప్పే జరగని ఇంట్లో రేపు ఏమన్నా అయితే నా నెత్తినే ఏస్తారు. ఇప్పుడైతే వస్తా," అంది.

వస్తానన్నది గానీ ఊరికే వస్తాననలేదు. గేటుకు పిల్లవాడికి అందని ఎత్తులో ఇంకో గడియ పెట్టించాలంది. నీళ్ల బకెట్లు బోర్లించి ఉంచాలి, మందులన్నీ తాళం వేసిన బీరువాలో ఉండాలి, తాళం తల్లి దగ్గరే ఉండాలి. సుకన్య కాలేజీ నుంచి చెప్పకుండా ఎప్పుడంటే అప్పుడు రావాలి, నాగేశ్వరమ్మ కూడా ఏ వేళంటే ఆ వేళ వచ్చి తొంగిచూడాలి. నన్ను నమ్మొద్దమ్మా, చూసుకోండి, అంది. నాగేశ్వరమ్మకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది.

మిగిలింది దాసరయ్య పరువు. అదీ ప్రమీలే తేల్చింది. సుబ్బయ్య ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ పోయి, తాను అడిగిన ప్రతి ఒక్కరి దగ్గరా నిలబడి, ఆ రోజు ఎందుకొచ్చాడో నోరు తెరిచి చెప్పాలి. సుబ్బయ్య ఎదురు చెప్పలేదు. పళ్లు వెనక్కి తీసుకుపోవడం బాగుండదని అందరూ అక్కడే తిన్నారు. తర్వాత ఆయన దాసరయ్యతో కలిసి బస్సెక్కి వెళ్లి, శిల్పికి, పూలామెకు, సోడాబండి అతనికి విడివిడిగా చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు, అది చెప్పడానికి ప్రతి చోటా కొంతసేపు పట్టింది. ముగ్గురూ ఎంతో మర్యాదగా విన్నారు. ఆయన బస్సు కదిలాక, అమ్మాయి తరఫువాళ్లు వద్దన్నారని, పాపం ముసలాయన పైకి అట్లా చెప్పుకు తిరుగుతున్నాడని అనుకున్నారు. ప్రమీల విలువ ఆ రోడ్డులో అమాంతం పెరిగింది.

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు ప్రమీల పనిలో చేరింది, సుకన్య కాలేజీకి వెళ్లింది. సుబ్బయ్య మనవణ్ని ఒక్కడే ఎత్తుకోవచ్చా కూడదా అన్నది మాత్రం, వారం రోజులు ఆయన నడవడి గమనించి చెబుతానంది ప్రమీల.